ఆగస్టులో ఎన్‌ఎఫ్‌ఎల్ వార్తలు, ట్రేడ్‌లు, అభిమానుల స్పందనలు: ఏది నమ్మాలో, ఎలా చదవాలో

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ సెప్టెంబరులో మొదలవుతుంది గానీ, దాని గురించిన మాటలు జులై చివరి వారం నుంచే ఊపందుకుంటాయి. ఏ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపించే ఆటగాడు) మోకాలు పట్టుకుని కూలబడ్డాడు, ఎవరు జీతం పెంచలేదని అలిగి శిక్షణకు దూరంగా ఉన్నారు, ఏ జట్టు ఎవరిని వదులుకోబోతోంది అన్న కబుర్లు గంట గంటకూ వస్తూనే ఉంటాయి. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోలలో స్థిరపడి, ఆఫీసులో తోటివారి మాటలు వింటూ ఈ ఆటకు అలవాటు పడిన తెలుగువారు చాలామందే ఉన్నారు. కౌబాయ్స్ జట్టు ప్రధాన కేంద్రం ఫ్రిస్కోలోనే ఉంది కనుక తప్పించుకోవడం కూడా కష్టమే. అలాంటివారికీ, హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని రాత్రిళ్లు ఫోనులో ఈ వార్తలు చదివేవారికీ ఈ నెలన్నర కాలాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను పాటించే పద్ధతి ఒక్కటే. ఎవరేమన్నారన్నది పక్కన పెట్టి, ఏ తేదీన ఎవరి చేతిలోంచి ఏమి కదిలిందో ముందు చూస్తాను. డబ్బు కదిలిందా, డ్రాఫ్ట్ పిక్ (ఏటా జరిగే కొత్త ఆటగాళ్ల ఎంపికలో ఒకరిని తీసుకునే హక్కు) కదిలిందా, జట్టులో చోటు కదిలిందా? ఈ మూడింటిలో ఏదీ కదలకపోతే ఆ వార్తను మర్నాటికి వాయిదా వేయవచ్చు.

1. ముందుగా తేదీలు రాసి పెట్టుకోండి

లీగ్‌లో 32 జట్లున్నాయి. శిక్షణ శిబిరంలో ఒక్కో జట్టు 90 మంది దాకా ఆటగాళ్లను ఉంచుకోవచ్చు, సీజన్‌లోకి అడుగుపెట్టే ముందు ఆ సంఖ్యను 53కు తగ్గించాలి. 2021లో సీజన్‌ను 17 మ్యాచ్‌లకు పెంచినప్పుడు సన్నాహక మ్యాచ్‌లను నాలుగు నుంచి మూడుకు కుదించారు. ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో అన్నిటికంటే ముందు జరిగే హాల్ ఆఫ్ ఫేమ్ మ్యాచ్‌లో తలపడే రెండు జట్లు మాత్రం నాలుగు ఆడతాయి. పూర్వం ఆటగాళ్ల తొలగింపు రెండు మూడు విడతల్లో జరిగేది, 2023 నుంచి అంతా ఒకే రోజున ముగుస్తోంది. 2025లో ఆ గడువు ఆగస్టు 26, అమెరికా తూర్పు తీర కాలమానం ప్రకారం సాయంత్రం 4 గంటలు, అంటే మనకు 27వ తేదీ తెల్లవారుజామున 1:30. ఆగస్టులో ఆ కాలమానానికీ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు. ఇది గుర్తుంటే, పొద్దున్నే చదివే వార్త తాజాదో పాతబడిందో తేల్చుకోవడం తేలిక.

2. వార్తలోని క్రియాపదాన్ని పట్టుకోండి

ఈ లీగ్‌లో పెద్ద వార్తలు ఎక్కువగా ఈఎస్‌పీఎన్‌కు చెందిన ఆడమ్ షెఫ్టర్, ఎన్‌ఎఫ్‌ఎల్ నెట్‌వర్క్‌లో పేరు తెచ్చుకున్న ఇయాన్ రాపొపోర్ట్ వంటి కొద్దిమంది విలేకరుల ద్వారా బయటికి వస్తాయి. ఆగస్టులో వారి పేర్లలో ఒక్క అక్షరం మార్చి, అదే ఫొటో పెట్టుకున్న నకిలీ ఖాతాలు పుట్టుకొస్తాయి. కాబట్టి నమ్మశక్యం కాని ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) వార్త కనిపిస్తే, ఇతరులకు పంపే ముందు ఖాతా పేరును అక్షరం అక్షరం చదవండి.

అసలు ఖాతాలోనే వచ్చినా, వాక్యం ఎక్కడ ముగిసిందో చూడాలి. "ఆసక్తి చూపుతోంది" అంటే దాదాపు ఏమీ జరగలేదనే అర్థం. "చర్చలు సాగుతున్నాయి" అంటే ఎవరో ఒకరు ఆ సంగతి బయటికి పొక్కాలని కోరుకున్నారని అర్థం. అది జీతం పెంచుకోవాలనుకున్న ఆటగాడి ఏజెంటు కావచ్చు, ఇంకో జట్టు కూడా పోటీకి రావాలని ఆశిస్తున్న యాజమాన్యమూ కావచ్చు. "వైద్య పరీక్షకు లోబడి ఒప్పందం కుదిరింది" అన్నది బలమైన మాటే అయినా, పరీక్షలో ఆటగాడు నెగ్గకపోతే ఒప్పందం రద్దవుతుంది. జట్టు స్వయంగా ప్రకటించినప్పుడే పని పూర్తయినట్టు.

ఇక "ట్రేడ్ కోరాడు" అన్న మాట ఉంది. ఆగస్టులో అభిమానుల నిద్ర చెడగొట్టేది ఇదే, కానీ దీని విలువ చాలా తక్కువ. 2024లో శాన్‌ఫ్రాన్సిస్కో 49ఆర్స్ రిసీవర్ బ్రాండన్ అయూక్ జులైలో ట్రేడ్ కోరి, ఆగస్టు చివరికి అదే జట్టుతో నాలుగేళ్లకు 12 కోట్ల డాలర్ల కాంట్రాక్టుపై సంతకం చేశాడు. 2025లో వాషింగ్టన్ కమాండర్స్ ఆటగాడు టెర్రీ మెక్‌లారిన్ జులై 31న ట్రేడ్ కోరాడు. ఆగస్టు 25న అదే వాషింగ్టన్‌తో మూడేళ్లకు 9.6 కోట్ల డాలర్ల వరకు వచ్చే ఒప్పందం చేసుకున్నాడు. ఇద్దరూ అడిగింది డబ్బు, ట్రేడ్ అన్నది అడిగే పద్ధతి.

3. అలకను కొలవడం నేర్చుకోండి

శిబిరానికి అసలు రాకుండా ఉండడాన్ని హోల్డౌట్ అంటారు. వచ్చి, హాజరు వేయించుకుని, సాధన మాత్రం చేయకపోవడాన్ని హోల్డ్-ఇన్ అంటారు. 2020లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం, శిబిరానికి రాని సీనియర్ ఆటగాడికి రోజుకు 50,000 డాలర్ల జరిమానా పడవచ్చు. రూకీ కాంట్రాక్టు (లీగ్‌లోకి కొత్తగా వచ్చినప్పటి తొలి కాంట్రాక్టు) దాటినవారి విషయంలో జట్టు తలచుకున్నా దాన్ని మాఫీ చేయలేదు. అందుకే ఇప్పుడు చాలామంది రెండో దారి పడుతున్నారు. నడుం పట్టేసిందని, తొడ కండరం బిగుసుకుందని చెప్పి మైదానం అంచున నిలబడతారు.

దీనికి 2025లో డల్లాస్‌లో జరిగినంత చక్కని ఉదాహరణ మరొకటి దొరకదు. మైకా పార్సన్స్‌ను కౌబాయ్స్ 2021 డ్రాఫ్ట్‌లో 12వ స్థానంలో తీసుకుంది. నాలుగు సీజన్లలో అతను 52.5 శాక్‌లు సాధించాడు, అంటే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే అన్నిసార్లు నేలకూల్చాడు. ఐదో ఏడాదికి ఆప్షన్ (తొలి కాంట్రాక్టును జట్టు ఒక ఏడాది పొడిగించే హక్కు) ప్రకారం అతనికి దాదాపు 2.4 కోట్ల డాలర్లు రావాలి. అతను కోరుకున్నది దీర్ఘకాల ఒప్పందం. యజమాని జెర్రీ జోన్స్ ఏజెంటును పక్కన పెట్టి నేరుగా ఆటగాడితోనే మాట్లాడి విషయం తేల్చేశానని భావించాడు, అలా తేలలేదని ఏజెంటు పక్షం అంది. కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్ శిబిరంలో అభిమానులు యజమాని వినేలా "మైకాకు డబ్బివ్వండి" అని నినాదాలు చేశారు. ఆగస్టు 1న పార్సన్స్ ట్రేడ్ కోరుతూ బహిరంగంగా ప్రకటన చేశాడు. ఆ తర్వాత మూడు వారాలకు, అట్లాంటా ఫాల్కన్స్‌తో ఆఖరి సన్నాహక మ్యాచ్ జరుగుతుండగా, అతను మైదానం పక్కన వైద్య సిబ్బంది బల్ల మీద వెల్లకిలా పడుకున్న దృశ్యం కెమెరాలకు చిక్కింది. ఆ ఒక్క దృశ్యం మీద రెండు రోజులపాటు టీవీ చర్చలు నడిచాయి.

అప్పుడు చూడవలసింది ఆ బల్లను కాదు, క్యాలెండరును. కౌబాయ్స్ తొలి మ్యాచ్ సెప్టెంబరు 4న ఫిలడెల్ఫియాలో ఉంది. ఆగస్టు మూడో వారం దాటినా ఇరుపక్షాల మధ్య సంఖ్యల మార్పిడి జరుగుతున్న వార్తే లేదు. అయూక్, మెక్‌లారిన్ విషయాల్లో గొడవ ఎన్ని డాలర్లన్న దగ్గర నడిచింది, ఇక్కడ ఎవరితో మాట్లాడాలన్న దగ్గరే ఆగిపోయింది. అలక తీరేదా తీరనిదా అని అంచనా వేయడానికి నాకు ఇంతకంటే మంచి గుర్తు తెలియదు. ఆగస్టు 28న పార్సన్స్‌ను గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఇచ్చేశారు.

4. ట్రేడ్‌ను మూడు పద్దులుగా విడగొట్టండి

ఐపీఎల్ చూసేవారికి ట్రేడ్ అన్న మాట కొత్తది కాదు, కానీ ఇక్కడ జట్ల మధ్య ప్రధానంగా మారేది రాబోయే డ్రాఫ్ట్‌లో ఆటగాళ్లను ఎంచుకునే హక్కు. కాబట్టి మొదటి పద్దులో ఎవరు ఎవరికి ఏ పిక్‌లు ఇచ్చారో రాయండి. పార్సన్స్ కోసం ప్యాకర్స్ 2026, 2027 సంవత్సరాల మొదటి రౌండ్ పిక్‌లతో పాటు డిఫెన్సివ్ టాకిల్ కెన్నీ క్లార్క్‌ను ఇచ్చింది. పిక్ ముందు "షరతులతో కూడిన" అని ఉంటే, ఆటగాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడతాడు, జట్టు ఎంతవరకు వెళుతుంది వంటివాటిని బట్టి ఆ పిక్ రౌండు మారవచ్చని అర్థం.

రెండో పద్దు కొత్త కాంట్రాక్టు. పెద్ద ఆటగాడి ట్రేడ్‌లో ఇది పిక్‌ల కంటే భారమైనది. పార్సన్స్‌కు ప్యాకర్స్ నాలుగేళ్లకు 18.8 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఏడాదికి సగటున 4.7 కోట్లు. క్వార్టర్‌బ్యాక్‌లు మినహా అప్పటిదాకా లీగ్‌లో ఎవరికీ అంత దక్కలేదు. అయితే శీర్షికలో కనిపించే మొత్తం సంఖ్యను చూసి ఆగిపోకండి, సంతకం నాటికే పూర్తిగా హామీ ఇచ్చిన సొమ్ము ఎంతో వెతకండి. ఇక్కడ అది 12 కోట్లు. మిగిలినదాన్ని జట్టు తర్వాతి ఏళ్లలో ఇవ్వవచ్చు, సవరించవచ్చు, ఆటగాడిని తీసేసి ఎగ్గొట్టనూ వచ్చు.

మూడో పద్దు శాలరీ క్యాప్. ఎక్కువమంది దాటవేసేది దీన్నే, ఎక్కువ విషయాలు తేల్చేదీ ఇదే. 2025లో ఒక్కో జట్టు జీతాల పరిమితి 27.92 కోట్ల డాలర్లు. సంతకం సమయంలో ఇచ్చే బోనస్‌ను ఆటగాడు ఒకేసారి అందుకున్నా, లెక్కల్లో మాత్రం గరిష్ఠంగా ఐదేళ్ల మీద సమానంగా పంచుతారు. ఉదాహరణకు ఐదేళ్ల కాంట్రాక్టులో 5 కోట్ల బోనస్ ఇస్తే ఏటా ఒక కోటి లెక్కలోకి వస్తుంది. రెండేళ్ల తర్వాత ఆ ఆటగాడిని వేరే జట్టుకు ఇస్తే, మిగిలిన 3 కోట్లు కొత్త జట్టుకు వెళ్లవు, పాత జట్టు ఖాతాలోనే పడతాయి. దీన్నే డెడ్ మనీ అంటారు. జూన్ 1 తర్వాత జరిగిన ట్రేడ్ అయితే ఆ 3 కోట్లలో ఒక కోటి ఈ ఏడాదికి, మిగిలిన రెండు కోట్లు వచ్చే ఏడాదికి చేరతాయి. మార్చిలో కుదరని ట్రేడ్‌లు కొన్ని ఆగస్టులో కుదరడానికి ఇదొక కారణం. ఇక ఐదో ఏడాది ఆప్షన్ మీద ఉన్న పార్సన్స్ విషయంలో రూకీ బోనస్ లెక్క అప్పటికే ముగిసిపోయింది కనుక, డల్లాస్‌కు ఆ బాధే లేకపోయింది.

ఈ మూడు పద్దులూ అక్కర్లేని చిన్న ట్రేడ్‌లు కూడా ఆగస్టు ఆఖరి వారంలో గుంపుగా వస్తాయి. ఎలాగూ తొలగించబోయే ఆటగాడికి ఆరో రౌండ్ పిక్కో ఏడో రౌండ్ పిక్కో వచ్చినా చాలునని జట్లు చూస్తాయి. ఆషాఢంలో చీరల దుకాణం సరుకు వదిలించుకున్నట్టే ఉంటుంది ఈ వ్యవహారం. వీటి మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు.

5. సన్నాహక మ్యాచ్‌లో స్కోరును వదిలేయండి

2008లో డెట్రాయిట్ లయన్స్ సన్నాహక మ్యాచ్‌లు నాలుగూ గెలిచి, అసలు సీజన్‌లో 16కు 16 ఓడింది. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అక్షరాలా అదే పని చేసింది. 2016 నుంచి 2023 దాకా బాల్టిమోర్ రేవెన్స్ వరుసగా 24 సన్నాహక మ్యాచ్‌లు గెలిచిందంటే అది ముచ్చటైన రికార్డే గానీ, ఆ ఏళ్లలో ఆ జట్టు ఒక్కసారి కూడా లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ చేరలేదు. ప్రధాన ఆటగాళ్లను చాలామంది కోచ్‌లు ఈ మ్యాచ్‌లలో తక్కువగా ఆడిస్తారు, లాస్ ఏంజెలిస్ రామ్స్ కోచ్ షాన్ మెక్‌వే అయితే దాదాపు ఆడించడు.

మరి ఏం చూడాలి? కొత్త కుర్రవాడు ఎన్ని గజాలు సాధించాడన్నది తర్వాత, ఎవరి మీద సాధించాడన్నది ముందు చూడండి. నాలుగో క్వార్టర్‌లో ఎదురుగా ఉన్నవారిలో సగం మంది వారం తిరిగేలోగా ఉద్యోగం పోగొట్టుకోబోయేవారే. తన జట్టు మొదటి వరుసతో కలిసి ఎన్ని స్నాప్‌లు (బంతి ఆటలోకి వచ్చే ఒక్కో విడత) ఆడాడో, బంతిని కాలితో తన్నే కిక్‌ఆఫ్, పంట్ సమయాల్లో కూడా దించుతున్నారో లేదో గమనించండి. రోస్టర్‌లో, అంటే జట్టు జాబితాలో, 50వ స్థానం దగ్గర ఉన్నవారి భవిష్యత్తు అలాంటి సమయాల్లో దిగే స్పెషల్ టీమ్స్‌లోనే తేలుతుంది. జట్లు ఆగస్టులో విడుదల చేసే అనధికారిక డెప్త్ చార్ట్‌ను (ఏ స్థానంలో ఎవరు మొదట, ఎవరు తర్వాత అన్న వరుస పట్టికను) చూసి గుండెలు బాదుకోవద్దు, దాన్ని తరచూ ప్రచార విభాగం వాళ్లే తయారు చేస్తారు.

మినహాయింపులు లేకపోలేదు. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని విక్టర్ క్రూజ్ 2010 ఆగస్టులో న్యూయార్క్ జెయింట్స్ తరఫున ఆడుతూ న్యూయార్క్ జెట్స్ మీద మూడు టచ్‌డౌన్‌లు పట్టాడు. అయితే జెయింట్స్ అభిమానులు ఆ రాత్రి ఊహించుకున్నది నిజం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. 2010 సీజన్ గాయంతో పోయింది, 2011లో అతను 1,536 గజాలు సాధించాడు.

6. గాయాల వార్తలను వెంటనే నమ్మండి, వివరాలను ఆలస్యంగా నమ్మండి

అసలు సీజన్‌లో జట్లు గాయాల నివేదికను తప్పనిసరిగా ఇవ్వాలి, ఆగస్టులో ఆ నిర్బంధం లేదు. కాబట్టి కోచ్ "రోజురోజుకూ చూస్తున్నాం" అంటే దాన్ని వైద్యుడి మాటగా తీసుకోవద్దు. ఎవరూ తాకకుండానే ఆటగాడు కూలబడ్డాడన్న వాక్యం కనిపిస్తే మాత్రం ఆగి చదవండి, మోకాలి ఏసీఎల్ గానీ, మడమ పైనున్న అకిలిస్ స్నాయువు గానీ తెగడం తరచూ అలాగే జరుగుతుంది. 2016 ఆగస్టు 30న మిన్నెసోటా వైకింగ్స్ క్వార్టర్‌బ్యాక్ టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్ సాధనలో అలాగే పడిపోయాడు. నాలుగు రోజులు తిరగకుండానే వైకింగ్స్ జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్ నుంచి శామ్ బ్రాడ్‌ఫర్డ్‌ను తెచ్చుకుని, బదులుగా 2017 మొదటి రౌండ్ పిక్‌నూ, షరతులతో కూడిన మరో పిక్‌నూ ఇచ్చింది. పెద్ద ఆటగాడికి గాయమైందని తెలిసిన క్షణం నుంచి, అదే స్థానంలో ఎక్కడెక్కడ ఇద్దరు మంచివాళ్లున్నారో మీరే ఒక జాబితా వేసుకోండి. తర్వాతి ట్రేడ్ వార్త సాధారణంగా అందులోంచే వస్తుంది.

7. అభిమానుల స్పందనను రెండుసార్లు చదవండి

మొదటి గంటలో వచ్చే స్పందన ఆటగాడి విలువ గురించి ఏమీ చెప్పదు. యాజమాన్యం మీద అభిమానులకు అప్పటికే ఉన్న నమ్మకమో అపనమ్మకమో అందులో బయటపడుతుంది. పార్సన్స్ వెళ్లిపోయిన రోజున డల్లాస్‌లో వెళ్లగక్కిన కోపంలో సగానికి పైగా జెర్రీ జోన్స్ మీదిదే. 1995 సీజన్ తర్వాత ఒక్క సూపర్ బౌల్ కూడా గెలవని ఏళ్లన్నీ ఆ కోపంలో ఉన్నాయి. గ్రీన్ బే సంబరానికీ దాని కారణం దానికి ఉంది. ఆ జట్టుకు ఒకే యజమాని అంటూ లేడు, వాటాదారులైన సామాన్యులే సొంతదారులు. శిబిరం రోజుల్లో ఆటగాళ్లు పిల్లల చిన్న సైకిళ్లు తీసుకుని, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా తొక్కుకుంటూ సాధన మైదానానికి వెళ్లడం, సైకిలు సొంతదారైన పిల్లవాడు ఆ ఆటగాడి హెల్మెట్ పట్టుకుని పక్కనే పరుగెత్తడం అక్కడి ఆనవాయితీ. డ్రాఫ్ట్ మీదే ఆధారపడే ఆ ఊరి జట్టు ఒక్క ఆటగాడి కోసం రెండు మొదటి రౌండ్ పిక్‌లు ధారపోయడం వారికి అలవాటు లేని సాహసం. ఆ రోజు ఉత్సాహాన్ని ఆ నేపథ్యంలో చదవాలి.

నాలుగు వారాలకు, సెప్టెంబరు 28న, ప్యాకర్స్ ఆర్లింగ్టన్‌కు వచ్చి కౌబాయ్స్‌తో 40-40 స్కోరుతో మ్యాచ్‌ను సమం చేసుకుంది. ఎవరు గెలిచారో తేల్చుకోవాలని చూసినవారికి అదీ దక్కలేదు. డిసెంబరులో డెన్వర్‌లో పార్సన్స్ మోకాలి ఏసీఎల్ తెగింది. ఆలోగా నవంబరులో డల్లాస్ జట్టు జెట్స్ నుంచి క్వినెన్ విలియమ్స్‌ను తెచ్చుకోవడానికి ఇచ్చినవాటిలో 2027 మొదటి రౌండ్ పిక్ ఒకటి. ట్రేడ్ అయిన సాయంత్రమే "ఏ ప్లస్", "ఎఫ్" అని మార్కులు వేసే వ్యాసాలను అందుకే నేను సరదాకే చదువుతాను.

రెండోసారి చదవడం రెండు మూడేళ్ల తర్వాతి పని. పిక్ ఎక్కడికి చేరిందో వెంబడించండి. బ్రాడ్‌ఫర్డ్‌ను ఇచ్చి తెచ్చుకున్న పిక్‌తో ఈగల్స్ డెరెక్ బార్నెట్‌ను తీసుకుంది. 2018 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ చివరి నిమిషాల్లో టామ్ బ్రేడీ చేతిలోంచి జారిన బంతిని ఒడిసిపట్టింది అతనే, ఆ మ్యాచ్ జరిగింది వైకింగ్స్ సొంత స్టేడియంలోనే. 2018 సెప్టెంబరు 1న రైడర్స్ నుంచి ఖలీల్ మ్యాక్‌ను రెండు మొదటి రౌండ్ పిక్‌లకు కొన్న చికాగో బేర్స్ ఆ ఏడాది 12 మ్యాచ్‌లు గెలిచి డివిజన్ దక్కించుకుంది గానీ, ప్లేఆఫ్స్‌లో తొలి మ్యాచ్‌లోనే ఓడింది. ఆ పిక్‌లతో రైడర్స్ తీసుకున్న జాష్ జేకబ్స్ 2022లో లీగ్‌లోకెల్లా ఎక్కువ రషింగ్ గజాలు (బంతి పట్టుకుని పరుగెత్తి సాధించేవి) సాధించగా, డేమన్ ఆర్నెట్‌ను జట్టు రెండో సీజన్‌లోనే వదిలించుకుంది. ఇంకో చిత్రం: 2021లో ట్రే లాన్స్‌ను తీసుకునే చోటు కోసం 49ఆర్స్ ఇచ్చిన మూడు మొదటి రౌండ్ పిక్‌లలో ఒకటి మయామి, ఫిలడెల్ఫియాల మీదుగా డల్లాస్ చేరి, చివరికి పార్సన్స్‌గా మారింది. ఆ లాన్స్‌నే 2023 ఆగస్టులో డల్లాస్ నాలుగో రౌండ్ పిక్‌కు కొనుక్కుంది.

8. కోత రోజు తర్వాతి మూడు రోజులూ వదలకండి

గడువు రోజున లీగ్ మొత్తం మీద వెయ్యి మందికి పైగా జాబితాల నుంచి తప్పుకుంటారు. నాలుగు సీజన్లు పూర్తికాని ఆటగాళ్లు వేవర్స్‌లోకి వెళతారు. మర్నాడు తూర్పు కాలమానం మధ్యాహ్నం 12 గంటల వరకు, అంటే మనకు రాత్రి 9:30 వరకు, వారిని వేరే జట్లు కోరవచ్చు. గత సీజన్‌లో బాగా వెనకబడిన జట్టుకే ముందు అవకాశం. ఎవరూ కోరనివారిలో చాలామంది ప్రాక్టీస్ స్క్వాడ్‌లో తేలతారు, అందులో జట్టుకు 16 చోట్లుంటాయి. అందువల్ల మీకు నచ్చిన కుర్రవాడి పేరు తొలగింపు జాబితాలో కనిపించగానే సంతాపం ప్రకటించనవసరం లేదు.

సీనియర్ల తొలగింపులో కొంత నాటకం ఉంటుంది. గాయపడిన ఆటగాడిని తొలి 53 మందిలో ఉంచి, మర్నాడు ఇంజ్యూర్డ్ రిజర్వ్‌కు (గాయపడినవారి ప్రత్యేక జాబితాకు) పంపితే అతను కనీసం నాలుగు మ్యాచ్‌ల తర్వాత తిరిగి రావచ్చు. 2024 నుంచి కోత రోజునే ఇద్దరిని అలా పంపే వెసులుబాటూ ఉంది. ఆ చోటు కోసం ఒక సీనియర్‌ను ఒక్క రోజు తొలగించి, ముందే చెప్పుకున్న మాట ప్రకారం మర్నాడు వెనక్కి పిలుస్తారు. వేవర్స్ గొడవ లేని సీనియర్‌తోనే ఇది సాధ్యం. ఇంకొంతమంది సీనియర్లను మాత్రం మొదటి మ్యాచ్ అయ్యేదాకా ఎవరూ పిలవరు. తొలి వారం రోస్టర్‌లో ఉన్న సీనియర్‌ను తర్వాత తొలగించినా, అతను ఏడాది మూల వేతనం మొత్తాన్ని కోరే హక్కును నిబంధనలు కల్పిస్తున్నాయి. కాబట్టి పేరున్న ఆటగాడు ఆగస్టు చివర ఖాళీగా కనిపిస్తే, అతని కోసం సెప్టెంబరు రెండో వారం వార్తల్లో చూడండి.